ల్యుదోవిత్ ష్టూర్

మధ్య ఐరోపాలో తత్రా పర్వతాలకు దక్షిణంగా నివసించే స్లొవాకులకు పంతొమ్మిదవ శతాబ్దంలో స్వంత రాజ్యం లేదు. వారి నేల హంగరీలో అంతర్భాగం. హంగరీ ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. రాచకార్యాలు చిరకాలం లాటిన్‌లో జరిగి, క్రమంగా హంగేరియన్ భాషకు మారాయి. ఇక స్లొవాకులలోనే ఏకత్వం కొరవడింది. 1787లో బెర్నొలాక్ అనే మతాచార్యుడు పశ్చిమ మాండలికం ఆధారంగా రూపొందించిన భాషలో కేథలిక్కులు రచనలు చేసేవారు. ప్రొటెస్టంటులకు ప్రాచీన బైబిలు అనువాదంలోని చెక్ భాషయే గ్రాంథికం. ఒకే జాతి రెండు వ్రాతభాషల మధ్య చీలి ఉన్నప్పుడు తన హక్కులను ఏ భాషలో అడగాలి? కవియైన ష్టూర్‌ను రాజకీయాలలోకి నడిపించినది ఈ ప్రశ్నయే.

ఆయన 1815 అక్టోబరు 28న ఉహ్రోవెత్స్ గ్రామంలో జన్మించాడు. తండ్రి బడిపంతులు. 1968 నాటి చెకొస్లొవేకియా సంస్కరణోద్యమ నాయకుడు అలెగ్జాండర్ దుబ్చెక్ 1921లో పుట్టినది కూడా ఆ ఇంటిలోనే కావడం చరిత్రలోని ఒక చమత్కారం. ష్టూర్ 1829లో ప్రెస్‌బర్గ్ నగరంలోని ప్రొటెస్టంట్ విద్యాలయంలో చేరాడు. నేటి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాయే ఆ నగరం. 1836 ఏప్రిల్ 24న ఆయన తన సహాధ్యాయులతో కలిసి డాన్యూబ్, మొరావా నదుల సంగమం వద్దనున్న డెవీన్ కోటకు వెళ్ళాడు. ఆ శిథిలాల నడుమ యువకులందరూ జాతిసేవకు ప్రతిన పూని, తలా ఒక స్లావు నామాన్ని స్వీకరించారు. వెలిస్లావ్ అన్నది ష్టూర్ ఎంచుకొన్న పేరు.

జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివి, 1840లో తిరిగివచ్చి, పూర్వపు విద్యాలయంలోనే బోధన చేపట్టాడు. విద్యార్థులలో ఆయన రగిల్చిన భాషాభిమానం అధికారులకు కంటగింపయింది. 1843 చివర ఆయనను పదవి నుండి తొలగించారు. దానికి నిరసనగా మరుసటి మార్చిలో ఇరవైమందికి పైగా విద్యార్థులు చదువు వదలి నగరం విడిచిపోయారు. ఒక అధ్యాపకుడికి ఇంతకు మించిన సన్మానం ఏముంటుంది! ఆ సందర్భంలో యాంకో మతూష్కా అనే విద్యార్థి జానపద బాణీలో ఒక గీతం రచించాడు. నేటి స్లొవేకియా జాతీయగీతం అదే.

అంతకు కొద్ది నెలల ముందే, 1843 జూలైలో ష్టూర్, ఆయన మిత్రులు హుర్బన్, హోజా కలిసి ఒక సాహసోపేతమైన నిర్ణయం చేశారు. మధ్య స్లొవేకియా ప్రజల నోట మెలగే మాటనే వ్రాతభాషగా చేయాలన్నది ఆ నిర్ణయం. 1845 ఆగస్టులో ఆ భాషలోనే ష్టూర్ వార్తాపత్రిక స్థాపించాడు. 1846లో వ్యాకరణం ప్రకటించాడు. విచిత్రమేమంటే, తీవ్రమైన ప్రతిఘటన స్వజనం నుండే వచ్చింది. పేరెన్నికగన్న కవి యాన్ కొల్లార్ ఈ మార్పు చెక్కులతో ఉన్న సాహిత్యబంధాన్ని తెంచివేస్తుందని వాదించాడు. ఆ భయం నిరాధారమైనది కాదు. అయినా పల్లెవాసికి అర్థం కాని భాషతో పల్లెవాసిని మేల్కొల్పడం అసాధ్యమని ష్టూర్ గ్రహించాడు. 1847లో కేథలిక్, ప్రొటెస్టంట్ పండితులు ఈ నూతన భాషను అంగీకరించారు.

ఆ ఏడే జ్వోలెన్ పట్టణ ప్రతినిధిగా ఆయన హంగరీ శాసనసభలో ప్రవేశించాడు. రైతుల వెట్టి రద్దు కావాలనీ, ప్రాథమిక విద్య మాతృభాషలో సాగాలనీ వాదించాడు. రైతుల విమోచన కోరడంలో హంగరీ నాయకుడు కొషూత్‌కూ ఆయనకూ భేదం లేదు. భాష దగ్గరే దారులు వేరయ్యాయి. 1848 మే నెలలో స్లొవాకులు తమ కోర్కెల పత్రాన్ని ప్రకటించగానే ముగ్గురు మిత్రుల పైనా అరెస్టు ఉత్తర్వులు వెలువడ్డాయి. ష్టూర్ ప్రాగ్ నగరానికి తప్పించుకొన్నాడు. సెప్టెంబరులో స్వచ్ఛంద సైనికులతో తిరిగివచ్చి, మియావాలో హంగరీ ప్రభుత్వాన్ని ధిక్కరించిన ప్రకటనలో పాల్గొన్నాడు. చక్రవర్తి పక్షాన పోరాడితే తమ జాతికి స్వయంపాలన దక్కుతుందని నమ్మాడు. యుద్ధం ముగిసింది, చక్రవర్తి గెలిచాడు. స్లొవాకులు ఆశించిన స్వయంపాలన మాత్రం రాలేదు. 1849 నవంబరులో స్వచ్ఛంద దళాన్ని రద్దు చేశారు. ష్టూర్ వెనుక పోలీసు నిఘా మిగిలింది.

1851లో అన్న కారొల్ మరణించగా, అవివాహితుడైన ష్టూర్ మోద్రా పట్టణం చేరి అన్నగారి ఏడుగురు పిల్లల పోషణభారం వహించాడు. 1853లో ఆయన కవితాసంపుటి, స్లావుల జానపద సాహిత్యంపై గ్రంథం వెలువడ్డాయి. ఆ నిరాశామయ కాలంలోనే జర్మన్ భాషలో మరొక గ్రంథం రచించాడు. స్లావులందరూ రష్యాతో ఏకమై, రష్యన్‌ను ఉమ్మడి సాహిత్యభాషగా స్వీకరించాలని అందులో ప్రతిపాదించాడు. స్వజాతికి వ్రాతభాషను కూర్చి ఇచ్చిన చేతితోనే ఈ మాట వ్రాయడం ఎంతటి ఓటమి ఫలితమో ఊహించవలసిందే. ఆ గ్రంథం ఆయన మరణానంతరం, 1867లో రష్యన్ అనువాదంగా అచ్చయింది.

1855 డిసెంబరు 22న మోద్రా సమీపంలో వేటకు వెళ్ళినప్పుడు, తన తుపాకియే ప్రమాదవశాత్తు పేలి ష్టూర్ తొడకు తీవ్రమైన గాయమయింది. మూడు వారాలు బాధననుభవించి, 1856 జనవరి 12న, నలభై ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆయన సమాధి మోద్రాలోనే ఉంది.