నేర్చుకోవడం మానని గురువు: రహీం సాబ్

భారత ఫుట్‌బాల్‌కి మంచిరోజులు చూపించిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు వాడు. 1909లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి బడిపంతులయ్యారు. ఆ పట్టాతో సరిపెట్టుకోక వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించారు.

1943 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి శిక్షణ ఇచ్చారు. 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కి బంగారు పతకం. ఇక నేర్చుకునేదేముంది అనుకోవలసిన సమయం అది.

మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు! ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం సాబ్ మాత్రం బూట్లతో ఆగలేదు. సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి జరిపి ఆడించే హంగేరీ పద్ధతిని పట్టుకున్నారు. కుర్రవాళ్లకి బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానం తెచ్చుకున్నాం.

1962 జకార్తా నాటికి ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఆయన ముందువరుసకి పంపారు. ఫైనల్‌లో అదే కొరియాపై 2-1తో గెలిచాం. ఒక గోలు జర్నైల్‌దే. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఫుట్‌బాల్‌లో ఆ బంగారం మనకి మళ్లీ రాలేదు.

పట్టా చేతికొస్తే చదువైపోయిందనుకునే మనం ఈ పంతులుగారిని ఒక్కసారి తలుచుకోవాలి.