కొడవటిగంటి కుటుంబరావు

తెలుగువారి మధ్యతరగతి జీవితాన్ని నిశితంగా పరిశీలించి చిత్రించిన నవలాకారులలో కొడవటిగంటి కుటుంబరావు అగ్రగణ్యులు. ఆయన 1909 అక్టోబరు 28న గుంటూరు జిల్లా తెనాలిలో జన్మించారు.

పసితనంలోనే ఆయనకు పితృవియోగం సంభవించింది. సాహిత్యాభిరుచి కలిగించిన అన్నగారు వెంకటసుబ్బయ్య కూడా అకాలమరణం చెందారు. అయినా కుటుంబరావు పట్టుదలతో చదివి, విజయనగరంలో భౌతికశాస్త్ర పట్టభద్రులయ్యారు. అనంతరం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ.లో చేరారు. 1929లో ఆరంభమైన ప్రపంచ ఆర్థికమాంద్యం ఫలితంగా ఆ చదువు అర్ధాంతరంగా నిలిచిపోయింది. తరువాత జీవనోపాధికై సిమ్లా, బొంబాయి మొదలైన దూరప్రాంతాలలో చిన్న ఉద్యోగాలు చేశారు. రెండు పర్యాయాలు భార్యావియోగ దుఃఖాన్ని అనుభవించారు.

ఈ కష్టాలు ఆయన లోకపరిశీలనకు పదును పెట్టాయి. ఆయన రచించిన 'చదువు' నవలలో కథానాయకుడు సుందరం అక్షరాభ్యాసం మొదలుకొని కాశీలో ఉన్నతవిద్య వరకు పయనిస్తాడు. పట్టా కోసం చదివే చదువుకూ, జీవితం నేర్పే చదువుకూ గల అంతరాన్ని ఆ నవల పాఠకులకు స్పష్టం చేస్తుంది. విద్యావంతునికి సైతం బ్రతుకుతెరువు దొరకని కాలంలో విద్యకు పరమార్థమేమిటన్న ప్రశ్న అందులో అంతర్లీనంగా వినిపిస్తుంది.

కుటుంబరావు 1952 నుండి 'చందమామ' సంపాదక బాధ్యతలు నిర్వహిస్తూ, సరళమైన తెలుగు వచనాన్ని బాలలకు అందించారు. ఎం.ఎస్సీ. పట్టా పొందలేకపోయినా విజ్ఞానశాస్త్ర విషయాలపై విరివిగా వ్యాసాలు రచించారు. 1980 ఆగస్టు 17న మరణించేవరకు ఆయన అధ్యయనమూ, రచనా కొనసాగుతూనే ఉన్నాయి. కళాశాలలో ఆగిన చదువును ఆయన జీవితాంతం కొనసాగించారు.