మంచులో సీసాన్ని కొలిచిన క్లెయిర్ ప్యాటర్సన్

మా గోదావరిఖనిలో మాలిన్యమంటే కంటికి కనబడేదే. ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము, పత్తి ఆకుల మీద బూడిద. మా నాయన ఆకును వేలితో రాసి ఆ నలుపు చూపెడతాడు. కాని ఇక్కడ నేను చెప్పబోయే శాస్త్రజ్ఞుడు జీవితమంతా కంటికి ఆనని మాలిన్యం వెంటే తిరిగారు.

క్లెయిర్ ప్యాటర్సన్ 1922 జూన్ 2న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మిచెల్‌విల్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తండ్రి తపాలా ఉద్యోగి. యుద్ధకాలంలో అణుబాంబు పథకంలో పనిచేసి, తర్వాత చికాగోలో పరిశోధనకు చేరారు. ఉల్కలోని సీసాన్ని కొలిచి భూమి వయసు కట్టాలె, ఇదీ గురువు హారిసన్ బ్రౌన్ అప్పగించిన పని. యురేనియం క్షయమై సీసంగా మారే వేగం తెలుసు గనుక లెక్క తేలికే అనిపించింది. కొలవబోతే ప్రతిసారీ సీసం ఎక్కువే వచ్చేది. గాలిలో, నీళ్ళలో, గోడ రంగులో, ఆఖరికి తన తలవెంట్రుకల్లో కూడా సీసమే! ఏళ్ళ తరబడి కడగడం, తుడవడం, ఆమ్లంలో మరగబెట్టడం. మన ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ రెండుసార్లు కడిగితేనే విసుగు గదా! చివరకు 1956లో భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని ప్రకటించారు.

మరొకరైతే ఆ కీర్తితోనే కాలం గడిపేవారు. ఆయన మాత్రం ఇంత సీసం ఎక్కడిదని అడిగారు. మోటార్ల ఇంజన్లు కొట్టుకోకుండా 1923 నుంచి పెట్రోలులో సీసం కలుపుతుండిరి. అనుమానం దాని మీదికి పోయింది. 1965లో మనుషుల ఒంట్లో చేరుతున్న సీసం సహజమైనది కాదని రాశారు. ఫలితంగా పెట్రోలియం సంస్థ ఇచ్చే నిధులు ఆగాయి, ప్రజారోగ్య శాఖ కాంట్రాక్టూ పోయింది. 1971లో గాలిలో సీసంపై వేసిన జాతీయ కమిటీలో, ఆ విషయం అందరికన్నా తెలిసిన ఆయనకే చోటు లేదు.

రుజువు కోసం ఆయన ధ్రువాల మంచును ఎంచుకున్నారు. అక్కడ ఏటికేడు మంచు పొరలుగా పేరుకుంటుంది, మన బొగ్గు సీముల్లాగే. కిందికి పోయేకొద్దీ పాతకాలం. ప్లాస్టిక్ దుస్తులు తొడిగి, ఆమ్లంతో కడిగిన పనిముట్లతో గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో మంచు దిమ్మెలు కోసి తెచ్చారు. మురోజుమి, చౌ అనే శాస్త్రజ్ఞులతో కలిసి 1969లో ఫలితాలు ప్రచురించారు. మా గూడ్సు బండి ఒకటి సుమారు 4 వేల టన్నుల బొగ్గు మోస్తుందనుకోండి. అట్లాంటి 250 బండ్ల నిండా క్రీ.పూ. 800 నాటి గ్రీన్‌లాండ్ మంచు నింపితే, అందులో సీసం ఒక గ్రాముకు లోపే. 1965 నాటి మంచైతే 200 గ్రాములకు పైనే!

ఇది మనకెందుకంటారా? బొగ్గులో పాదరసం కూడా ఉంటుంది, టన్నుకు గ్రాముకన్నా తక్కువే. మండితే ఆవిరవుతుంది. పొగగొట్టం దగ్గరి యంత్రాలు బూడిదను పట్టినంత బాగా ఆ ఆవిరిని పట్టలేవు. అది నెలల తరబడి గాలిలో తిరుగుతూ ధ్రువాల దాకా చేరి, వసంతంలో సూర్యుడు పొడిచే వేళ మంచు మీద దిగుతుంది. తొలినాళ్ళలో మంచులో పాదరసం లెక్కలు తప్పడానికి కారణం సీసాలు, చేతుల మలినమే. ప్యాటర్సన్ శుభ్రత నేర్చుకున్నాకే అవి దారికొచ్చాయి.

1987లో ఆయన్ని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నుకున్నారు, చాలా ఆలస్యంగా. అమెరికాలో పెట్రోలులో సీసం తగ్గించాక, ఇరవై ఏళ్ళలో గ్రీన్‌లాండ్ మంచులో సీసం ఏడు రెట్లకు పైగా తగ్గిందని 1991లో తేలింది. ఆ వార్త ఆయన బతికుండగానే వచ్చింది. 1995 డిసెంబర్ 5న కన్నుమూశారు. మన దేశపు బంకుల్లో సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది 2000 ఫిబ్రవరి 1 నుంచి. పాదరసంపై మినమాటా ఒప్పందానికి మన దేశం 2018లో ఆమోదం తెలిపింది.