పింగళి వెంకయ్య గారు – కాగితాలలోనూ, ఊరి నోటనూ

పుట్టిన తేదీ విలువ మన పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. సర్వీసు రిజిస్టరులో ఒకసారి పడిన తేదీ, నిజమైనా కాకపోయినా, రిటైరయ్యే దాకా మనల్ని వదలదు. బడిలో వేసిన రోజున మేష్టారు వేళ్ళ మీద లెక్కగట్టి రాసిన తేదీలే మనలో చాలామందివి.

ఈమధ్య మా మనుమడు వంశవృక్షం రాస్తానని కూర్చుని, మా తాతగారు ఏ సంవత్సరంలో పుట్టారని నన్నడిగాడు. నేను చెప్పలేకపోయాను. దివిసీమలోని మా ఇంట జాతకాలు, దస్తావేజులు దాచిన పెట్టె 1977 నవంబరు ఉప్పెనలో కొట్టుకుపోయింది. మా సంగతి అలా ఉంచి, దేశమంతా ఎరిగిన పింగళి వెంకయ్య గారి సంగతి చూద్దామని పుస్తకాలు తిరగవేస్తే అక్కడా ఇదే చిక్కు!

గుడివాడ నుంచి పామర్రు మీదుగా మొవ్వ వైపు వెళితే వచ్చే భట్లపెనుమర్రు ఆయన జన్మస్థలం. తండ్రి హనుమంతరాయుడు గారు, తల్లి వెంకటరత్నమ్మ గారు. ఆగస్టు 2 అనడంలో తగాదా లేదు. సంవత్సరమే కొందరు 1876 అనీ, కొందరు 1878 అనీ రాశారు. 2022లో కేంద్ర ప్రభుత్వం 146వ జయంతి జరిపింది కనుక సర్కారు వారి లెక్క 1876.

బాల్యం యార్లగడ్డ, పెదకళ్ళేపల్లిలలో గడిచింది. చదువు బందరు హిందూ హైస్కూలులో. పందొమ్మిదో ఏట సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్ళారని అంతా రాస్తారు. ఆ యుద్ధం మొదలైంది 1899 అక్టోబరులో. 1876 పుట్టుక అయితే అప్పటికి 23 ఏళ్ళు, 1878 అయితే 21. పందొమ్మిది ఏ లెక్కకూ కుదరదు. యుద్ధానికి ముందే సైన్యంలో చేరి ఉంటే తప్ప ఈ ముడి విడదు. పాత లెక్కల పద్దులు సరిచూసిన వారికి ఇది కొత్త కాదు. మొత్తం కుదరనప్పుడు కూడికను కాక మొదటి పద్దును అనుమానించాలి. ఏమైనా, గాంధీగారితో పరిచయం ఆ దక్షిణాఫ్రికాలోనే కలిగింది.

తిరిగివచ్చాక రైల్వేలో గార్డుగా, బళ్ళారిలో ప్లేగు అధికారిగా పనిచేశారు. లాహోరులో జపాను భాష, ఉర్దూ నేర్చారు. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు గారి వద్ద ఉండి వ్యవసాయ పరిశోధనలు సాగించారు. ఒక్క జీతం పుస్తకంలో ఇమిడే మనిషి కాదు.

ఇలాంటి వారి విషయంలో కాగితాల కంటే ఊరు పెట్టిన పేరే గట్టి సాక్ష్యమని నాకు తోస్తుంది. జపాను భాష మాట్లాడినందుకు జపాన్ వెంకయ్య. కంబోడియా పత్తి పండించినందుకు పత్తి వెంకయ్య. వజ్రాల మీద పరిశోధన చేసినందుకు డైమండ్ వెంకయ్య. చివరికి జెండా వెంకయ్య. ఈ నాలుగు పేర్లు వరుసగా పెడితే సగం జీవితం తెలిసిపోతుంది.

జెండా విషయానికి మాత్రం అచ్చులో ఆధారాలున్నాయి. 1916లో ముప్పై నమూనాలతో జాతీయ పతాకంపై ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. బందరులో 1910లో నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాలలో ఆయన ఉపాధ్యాయులుగా ఉన్న కాలమది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సమయాన ఎరుపు, ఆకుపచ్చ రంగుల పతాకాన్ని గాంధీగారికి అందించారు. రాట్నం గుర్తు జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచన. తెలుపు పట్టీ గాంధీగారు చేర్పించారు. 1931లో కాంగ్రెసు ఎరుపుకు బదులు కాషాయం తెచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానే అశోక చక్రాన్ని ఉంచి ఆమోదించింది. పలువురి చేతులు పడినా, మొదట నమూనాలు పట్టుకుని తిరిగినది మన జిల్లా వారే.

చివరి రోజులు విజయవాడలో లేమిలో గడిచాయి. 1963 జూలై 4న కన్నుమూశారు. ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చింది 2009లో, నలభై ఆరేళ్ళ తరువాత.

మా తాతగారి పుట్టిన ఏడు ఇంకా దొరకలేదు. ఊళ్ళో ఆయనను లాకుల తాత అనేవారని మా అమ్మ చెప్పేది. ఏ కాలువ లాకు దగ్గర పనిచేశారో కనుక్కుందామని, వచ్చే వారం మనుమణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరుతున్నాను.