పిల్లల పూచీ మోసిన బూట్ల మేస్త్రి

జాన్ ఆగస్టస్ వకీలు కాదు, సర్కారు నౌకరీ లేదు. అమెరికాలోని బోస్టన్‌లో బూట్లు కుట్టి బతికేటోడు. 1841లో ఒక తాగుబోతును జైలుకు పంపబోతుంటే కోర్టులో లేచి పూచీ పడినాడు. మూడు వారాలకు ఆ మనిషి తాగుడు మాని వచ్చినాడు. జైలు తప్పింది, ఒక సెంటు జరిమానాతో పోయింది.

1843లో పిల్లల దిక్కు తిరిగినాడు. దొంగతనం కేసులో 8, 10 ఏండ్ల ఆడపిల్లలు, 11 ఏండ్ల పిల్లోడు. ఊరికే విడిపించుకొని పోలేదు. ఇల్లెట్లుంది, సావాసమెట్లుంది అని విచారించి, బడో పనో చూపించి, మళ్లా కోర్టుకు చెప్పేటోడు. ఖైదీలు తగ్గితే ఫీజు పోయే సిబ్బందికి ఆయనంటే గిట్టదు. అయినా 1858 నాటికి 1,946 మందికి పూచీ పడినాడు. 1859లో పోయినాడు. మసాచుసెట్స్‌లో ప్రొబేషన్ చట్టం వచ్చింది 1878లో.

మన 2015 బాలల న్యాయ చట్టంలో ఆ విచారణ పని ప్రొబేషన్ ఆఫీసరుది. పిల్లోణ్ణి బోర్డు ముందు పెట్టిన 15 రోజుల్లో నివేదిక ఇయ్యాల. ఆదోని, ఎమ్మిగనూరు దిక్కు అదేమంత సులువు కాదు. వానల్లేక అమ్మానాయినా సుగ్గికి, గుంటూరు మిరప చేలకు పోయింటారు. ఇంటికి తాళం. ఆ తాళం చూసి దిక్కులేనోడని రాస్తే పిల్లోడు హోములోనే ఉండిపోతాడు. గుంటూరుకు ఫోను చేసి, అవ్వనడిగి, బడిలో కనుక్కొని రాస్తే ఇల్లు చేరతాడు. ఆ తిరుగుడుకు మనిషిని, బండిని ఇయ్యాల్సింది సర్కారే. ఆగస్టస్ సొంత దుడ్డుతో చేసినాడు గదా అని మన సర్కారు తప్పించుకునేదానికి లేదు.