అద్దపు పలకలపై ముఖాలు: రాజా దీన్ దయాళ్



మీ ఇంటి గోడ మీద తాతగారి ఫోటో ఉన్నదా? ఒకప్పుడు ఆ భాగ్యం నవాబులకు, దొరలకే దక్కేది. మన చిట్యాల ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో వారి ముఖాలను మనకు దాచి ఇచ్చినవారు రాజా దీన్ దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. బేగం సమ్రూ కట్టించిన మరియమాత దేవాలయం ఉన్న ఊరు అదే. రూర్కీలో చదువుకొని, 1866లో ఇండోరులో సర్కారు కొలువులో చేరారు. 1874లో సరదాగా పట్టిన కెమెరాయే తరువాత జీవనాధారమైంది. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరి, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు. మన ఓరుగల్లు కోటను, వేయి స్తంభాల గుడిని కూడా ఫోటో తీశారు.

పరదా చాటు స్త్రీలు పరాయి మగవాని ఎదుట కూర్చోరు కదా! వారి కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు.

1904లో కుమారుడు ధరమ్ చంద్ మరణించాడు. మరుసటి ఏడే తండ్రీ కన్నుమూశారు. ఆయన స్టూడియోలోని 2,857 అద్దపు పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొని భద్రపరిచింది.

ఆ ఫోటోలలో నవాబుల పేర్లు మనకు తెలుసు. పక్కన నిలబడ్డ సేవకులలో చాలామంది పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ముఖం మిగిలింది, మనిషి మరుగైపోయాడు.

కనుక ఈ ఆదివారమే మీ పెద్దల ఫోటోల వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాయండి. చెప్పగలిగినవారు ఇంట్లో ఉన్నప్పుడే అడగండి.