తనకా షోజో

వరద వచ్చిన రైతు సంతసించు నదులు కొన్ని కలవు. జపానుదేశమున వతరాసె నది యట్టిది. కొండలనుండి అది తెచ్చు ఒండ్రుమట్టియే తీరమునందలి పొలములకు ఎరువు. ఎగువనున్న అషియో రాగిగనిని 1877లో ఫురుకావా ఇచిబే యను వర్తకుడు కొనెను. పిమ్మట ఆ వరదయే శాపమయ్యెను. కొలుముల పొగకు కొండలమీది చెట్లు మాడెను. మిగిలినవి గనియవసరములకై నరకబడెను. బోడికొండలనుండి వరదలు హెచ్చి గనిమడ్డిని పొలములపై పరచెను. చేపలు చచ్చెను. 1890 నాటి పెద్దవరదతో పైరులు నశించెను.

ఆ యేటనే జపానునందు మొదటి పార్లమెంటు ఎన్నికలు జరిగెను. తొచిగి మండలమునుండి ఎన్నికైన తనకా షోజో 1841లో కొనకా గ్రామాధికారి యింట జన్మించినవాడు; యౌవనమున చేయని హత్య నెత్తిన మోపబడి చెరసాలలో మ్రగ్గినవాడు. 1891లో ఆయన సభయందు గనిని గూర్చి ప్రశ్నించెను. ఆయన దయాభిక్ష కోరలేదు. రాజ్యాంగమునందలి 27వ అధికరణము ప్రజల ఆస్తిహక్కును కాపాడుచున్నది. ప్రజాహితమునకు భంగకరమగు గనిని ఆపుటకు గనుల శాసనమే అధికారమిచ్చుచున్నది. అట్లయ్యు మంత్రులేల మిన్నకున్నారు? ఇదియే ఆయన ప్రశ్న. ఆ శాఖకు నాటి మంత్రి ముత్సు మునెమిత్సు. అతని కుమారుడే ఫురుకావాకు దత్తపుత్రుడు! ఇంతకుమించి మేము వ్రాయ నక్కరలేదు. రాగి యెగుమతివలన వచ్చు ధనముపై ప్రభుత్వమునకు గల మక్కువయు తక్కువది కాదు.

1897లో మురుగుగుంటలు కట్టవలెనని కంపెనీకి ఉత్తరువులైనవి. విషము తగ్గెనేగాని ఆగలేదు. 1900లో మొరపెట్టుకొనుటకై టోకియోకు కాలినడకను బయలుదేరిన వేలకొలది రైతులను కవమతాయొద్ద పోలీసులు చావమోదిరి. మరుసటి యేట తనకా సభ్యత్వమును వదలి, డిశెంబరు 10వ తేదీన, ప్రాణములపై ఆశ విడిచి, చక్రవర్తి బండికి ఎదురేగి అర్జీ నందింపబోయెను. ప్రభుత్వమువా రాయనను పిచ్చివానిగా నెంచి విడిచిపుచ్చిరి. విచారణ జరిగినచో గని సంగతియు విచారణకు వచ్చెడిది గదా!

తరువాత పాలకులకు తోచిన చికిత్స వరదనీటిని నిలుపు జలాశయము. అందుకై యనకా గ్రామమును ముంపవలెనట! 1904లో తనకా ఆ గ్రామముననే కాపురముండెను. 1907లో భూసేకరణ శాసనముక్రింద, కదలనొల్లని 16 ఇండ్లను కూలద్రోసిరి. గనిని మూయుటకు కానరాని శాసనము గ్రామమును మూయుటకు వెంటనే కానవచ్చెను. ఇండ్లు పోయినవారు గుడిసెలు వేసికొని అచటనే యుండిరి. తనకాయు వారిని విడువక, ముసలితనమున నదులవెంబడి నడచి వాని పోకడలను పరిశీలించుచుండెను.

1913 సెప్టెంబరు 4వ తేదీన ఆయన మరణించెను. చేతిసంచిలో దినచర్య, రాజ్యాంగప్రతి, బైబిలు క్రొత్తనిబంధన, కొన్ని గులకరాళ్లు దొరికినవి. గని 1973లో మూతబడెను. మరుసటి యేట కంపెనీ రైతులకు 155 కోట్ల యెన్నుల పరిహారము నొప్పుకొనెను. యనకా ఉన్నచోట నేడు రెల్లు పెరుగుచున్నది. 2012లో దానిని అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తించిరి. ఆ రెల్లునడుమ గ్రామస్థుల పూర్వుల సమాధులు ఇంకను కలవు.